కాలిలో పుట్టిన బెలూన్

గుండె రక్తనాళానికి బెలూన్ వేసి స్టెంట్ పెట్టారంటే ఇప్పుడు మన ఊళ్ళలో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ బెలూన్ పుట్టింది గుండెలో కాదు, తొడలోని ధమనిలో. పూడిన ధమనిని కోయకుండా లోపలి నుంచే తెరవవచ్చన్న ఆలోచన, దానికి కావలసిన తీగ, గొట్టం, బెలూన్, చివరికి లోపల వదిలేసే లోహపు తొడుగు, ఇవన్నీ ముందు కాళ్ళలోనే పరీక్షకు నిలిచి, ఆ తర్వాతే గుండెకు చేరాయి. తొడ ధమని పొడుగ్గా, చాలావరకు తిన్నగా ఉంటుంది. గజ్జల దగ్గర చర్మానికి బాగా చేరువగా వస్తుంది. పైగా ప్రయత్నం విఫలమైతే పోయేది అప్పటికే తీసేయాలని నిర్ణయించిన కాలు. అంత సాహసం గుండె దగ్గర చేయడానికి ఆ రోజుల్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఈ పరికరం కథను కాలి నిర్మాణంతో కలిపి చదవకపోతే సగమే అర్థమవుతుందని నాకు అనిపిస్తుంది. ఇది మారిన ప్రతిసారీ ఎలా మారాలో నిర్ణయించింది కాలిలోని ఏదో ఒక వంపో, చీలికో, బిగుతైన సందో. అందుకే ముందు ఆ ధమని వెంట ఒకసారి కిందిదాకా దిగివద్దాం.

గుండె నుంచి వచ్చిన బృహద్ధమని దాదాపు బొడ్డు మట్టంలో రెండు పాయలవుతుంది. ఒక్కో పాయ కటి భాగం లోపలి నుంచి వంపు తిరుగుతూ గజ్జల మడత కింద తొడలోకి వస్తుంది. అక్కడ వేళ్ళు ఆనించి కాస్త నొక్కితే నాడి బలంగా తగులుతుంది. ధమనికి బయటి పక్కన నరం, లోపలి పక్కన సిర, సరిగ్గా వెనక తొడ ఎముక తల ఉంటాయి. మడత దాటి నాలుగు సెంటీమీటర్లు దిగేసరికి ధమని మళ్ళీ చీలుతుంది. లోతుగా వెళ్ళే పాయ తొడ కండరాలకు రక్తం పంచిపెట్టి అక్కడితో ముగుస్తుంది. రెండోది తొడలో ఉన్నంత మేరా పెద్ద కొమ్మలేవీ వేయకుండా మోకాలి వైపు సాగిపోతుంది. పిక్కకూ పాదానికీ ఆధారం ఇదే. దీని లోపలి వెడల్పు 5, 6 మిల్లీమీటర్లకు మించదు.

తొడ మధ్యకు వచ్చాక ఈ పాయ కండరాల నడుమ ఒక ఇరుకైన సొరంగంలోకి దూరుతుంది. దాన్ని హంటర్ కెనాల్ అంటారు. ఆ సొరంగం చివర గట్టి స్నాయువులో ఉన్న సందులోంచి మోకాలి వెనక గుంటలోకి బయటపడుతుంది. కాలి ధమనుల్లో కొవ్వు, సున్నం పేరుకుని పూడిక ఎక్కువగా కనిపించేది ఈ సందు దగ్గరే. అడుగు వేసిన ప్రతిసారీ ఆ బిగుతైన స్నాయువు అంచు ధమనిని ఒత్తుతుంటుంది, దాని గోడ దెబ్బతినడానికి అదీ ఒక కారణమని వైద్యులు భావిస్తారు. మోకాలు దాటాక ధమని మూడవుతుంది. ఒకటి ముందు వైపుకు వచ్చి పాదం పైభాగానికి చేరుతుంది. ఒకటి లోపలి చీలమండ వెనక నుంచి అరికాలిలోకి దిగుతుంది. మూడోది సన్న ఎముక వారగా మడమ వైపు పోతుంది. ఈ మూడూ 2, 3 మిల్లీమీటర్ల సన్నని నాళాలే.

ఈ నిర్మాణం తెలిస్తే రోగి చెప్పే మాటలు వేరుగా వినిపిస్తాయి. నాలుగు వీధులు నడిచేసరికి పిక్కలు పట్టేస్తున్నాయనీ, రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుందనీ, మళ్ళీ అంతే దూరం నడవగానే అదే నొప్పి అనీ చెబుతారు. నొప్పి పిక్కలో ఉన్నా పూడిక ఉన్నది చాలామందిలో తొడలో. తొడ కండరాలకు వేరే పాయ ఉంది కాబట్టి తొడ నొప్పెట్టదు. పూడిక ఇంకా పెరిగితే పడుకున్నప్పుడు కూడా పాదం మండుతుంది. రాత్రి లేచి మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేస్తే కాస్త ఊరట దొరుకుతుంది, ఎందుకంటే ఆ కొద్దిపాటి రక్తాన్ని భూమ్యాకర్షణ కిందికి లాగుతుంది. ఇలా రాత్రిళ్ళు కూర్చునే పెద్దవాళ్ళను చూసి వాతం అనుకుని తైలాలు రాసే ఇళ్ళు ఎన్నో. ఆ లక్షణం కనబడ్డాక రోజులు గడిచేకొద్దీ కాలు ప్రమాదంలో పడుతుంది.

సొరంగానికి తన పేరు వచ్చిన జాన్ హంటర్ 18వ శతాబ్దపు లండన్ శస్త్రవైద్యుడు. 1785 డిసెంబరులో ఒక గుర్రపు బండి తోలేవాడు మోకాలి వెనక ధమని ఉబ్బి సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో చేరాడు. అప్పట్లో దానికి కాలు తీసేయడమే ఎక్కువమంది చేసే చికిత్స. హంటర్ మోకాలి జోలికి పోకుండా, పైన తొడలో ఈ సొరంగం దగ్గర ధమనిని దారంతో కట్టేశాడు. ప్రధాన ధమని మూసుకుపోయినా కాలు బతికింది. పెద్ద కాలువ పూడిపోయాక పొలం పక్క బోదెల నీళ్ళతో గట్టెక్కినట్టు, లోతు పాయ కొమ్మలూ మోకాలి చుట్టూ ఉన్న సన్న నాళాలూ కలిసి రక్తాన్ని కిందికి చేరవేశాయి. పూడిక నెమ్మదిగా పెరిగితే ఈ పక్క నాళాలు వెడల్పవడానికి వ్యవధి దొరుకుతుంది. ఒక్కసారిగా మూసుకుపోతే దొరకదు.

ఒక్కసారిగా మూసుకుపోయే సందర్భం ఎక్కువగా గుండె నుంచి వస్తుంది. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ జారి ధమనుల వెంట కిందికి వస్తుంది. ఎక్కడ ఇరుక్కుంటుంది? ధమని చీలే చోట, ఎందుకంటే అక్కడ దారి హఠాత్తుగా సన్నబడుతుంది. గజ్జల కింద చీలిక దగ్గర, లేదంటే మోకాలి కింద. కాలు పాలిపోయి చల్లబడుతుంది, తిమ్మిరెక్కి కదలడం మానేస్తుంది. ఉన్న వ్యవధి కొన్ని గంటలు మాత్రమే. 1950లలో అలాంటి రోగికి కాలు పొడవునా కోసి, గడ్డ ఉన్న చోటల్లా ధమనిని తెరిచి పట్టకారుతో ఏరేవారు. అంత పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేక కొందరు చనిపోయేవారు, తట్టుకున్నవారిలో ఎందరో చివరికి కాలు పోగొట్టుకునేవారు.

అమెరికాలోని సిన్సినాటిలో గుడ్ సమారిటన్ ఆసుపత్రి ఆపరేషన్ గదిలో పరికరాలు అందించే పనిచేస్తూ థామస్ ఫోగార్టీ అనే కుర్రాడు ఇదంతా దగ్గర నుంచి చూశాడు. అక్కడి శస్త్రవైద్యుడు జాక్ క్రాన్లీ అతన్ని చేరదీసి చదువుకోమని ప్రోత్సహించాడు. వైద్యవిద్యలో ఉండగా ఫోగార్టీకి తట్టిన ఆలోచన తేలికైనదే. సన్నని గొట్టాన్ని గడ్డ పక్క నుంచి దాటించి, అవతల చిన్న బెలూన్ ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ తానే బయటికి వస్తుంది. కాలు పొడవునా కోయక్కర్లేదు, గజ్జల దగ్గర చిన్న గాటు చాలు, అదీ ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మందిచ్చి చేయవచ్చు.

చిక్కల్లా బెలూన్‌ను గొట్టానికి అతికించడంలో వచ్చింది. శస్త్రచికిత్స తొడుగుల చిటికెన వేలి ముక్కను కత్తిరించి బెలూన్‌గా వాడదామనుకున్నాడు. అప్పటి జిగురు ఏదీ ఆ రబ్బరునూ ప్లాస్టిక్ గొట్టాన్నీ కలిపి పట్టి ఉంచలేదు. ఫోగార్టీకి చిన్నప్పటి నుంచీ చేపలు పట్టే అలవాటు. గాలానికి ఈకలు, నూలు చుట్టి పురుగులా కనిపించే ఎరను తయారు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ ఎరకు వేసే ముడులనే ఈ సన్నని గొట్టం మీద వేసి రబ్బరు ముక్కను కట్టాడు. గాలి పోకుండా, నీరు కారకుండా, ధమనిలో లాగినా ఊడకుండా నిలబడే ముడి అది. తయారీ సంస్థలు మొదట ముఖం చాటేశాయి. 1961లో రోగి మీద వాడారు, 1963లో వ్యాసం వెలువడింది. ఆ తర్వాత ఎడ్వర్డ్స్ సంస్థ దాన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. ఇవాళ్టికీ హఠాత్తుగా మూసుకున్న కాలి ధమనికి శస్త్రవైద్యుడు చేయి చాచి అడిగే పరికరం ఫోగార్టీ క్యాథెటరే.

దాని బెలూన్ మెత్తనిది. ధమని ఎంత వెడల్పు ఉంటే అంతకు ఉబ్బి, సన్నబడిన చోట తానూ సన్నబడి జారుతుంది. గడ్డను లాగడానికి అదే మంచి గుణం. గోడకు అంటుకుని రాయిలా గట్టిపడిన పూడికను తెరవాలంటే మాత్రం ఆ గుణమే అడ్డు. ఈ తేడా తర్వాతి పదేళ్ళూ ఒక చిక్కుముడిగా మిగిలిపోయింది.

దీనికి సమాంతరంగా స్వీడన్‌లో మరో పని జరిగింది. రక్తనాళాలను ఎక్స్‌రేలో చూడాలంటే వాటిలోకి రంగుమందు ఎక్కించాలి. అంతకు సరిపడే లావు గొట్టం పెట్టడానికి చర్మం కోసి ధమనిని బయటికి తీయాల్సి వచ్చేది. స్టాక్‌హోమ్‌లో స్వెన్-ఇవార్ సెల్డింగర్ 1953లో ప్రచురించిన పద్ధతి ఆ అవసరాన్ని తీసేసింది. సూదితో ధమనిని గుచ్చాలి. సూదిలోంచి తీగను పంపాలి. సూదిని తీసేసి, తీగ మీదుగా గొట్టాన్ని ఎక్కించాలి. ఇప్పటికీ ప్రపంచమంతటా వాడే పద్ధతి ఇదే. గుచ్చే చోటుగా గజ్జలు స్థిరపడటానికి కారణం ఇందాక చెప్పుకున్న తొడ ఎముక తల. పని అయ్యాక ధమనిని ఆ గట్టి ఎముక మీద అదిమి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. మరీ పైన గుచ్చితే అదమడానికి వెనక ఎముక ఉండదు, రక్తం కడుపులోకి కారుతుంది. మరీ కింద గుచ్చితే చీలిక దాటిపోతుంది. అందుకే ఎక్స్‌రేలో ఎముక తల ఎక్కడుందో చూసుకుని మరీ సూది దించుతారు.

ఈ రెండు పనులూ కలిసింది అమెరికా పశ్చిమ తీరంలోని పోర్ట్‌లాండ్‌లో. అక్కడి ఒరెగాన్ వైద్య కళాశాలలో చార్లెస్ డాటర్ 32 ఏళ్ళకే రేడియాలజీ శాఖాధిపతి అయ్యాడు. పర్వతాలెక్కే మనిషి, ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. 1963లో ఒక రోగి ఉదర ధమనిని చూడటానికి గజ్జల నుంచి గొట్టం పంపుతుంటే, కటి భాగంలో పూడిపోయిన ధమనిలోంచి అది దూసుకుపోయింది. అనుకోకుండా ఆ ధమని తెరుచుకుంది. అదే ఏడాది జూన్‌లో చెకోస్లొవేకియాలోని కార్లొవీ వారీలో జరిగిన సదస్సులో, క్యాథెటర్ చూడటానికే కాదు, చికిత్స చేయడానికీ పనికొస్తుందని ప్రకటించాడు. రేడియాలజిస్టు అంటే ఫొటో తీసి పంపేవాడన్న కాలంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

1964 జనవరి 16న ఆయన దగ్గరికి 82 ఏళ్ళ వృద్ధురాలిని తీసుకొచ్చారు. ఎడమ పాదం నొప్పి, వేళ్ళు నల్లబడి కుళ్ళుతున్నాయి. కాలు తీసేయాలని శస్త్రవైద్యులు చెబితే ఆమె ససేమిరా అంది. ఎక్స్‌రేలో చూస్తే పూడిక తొడ ధమనిలో ఒకేచోట, కొద్దిపాటి నిడివిలో ఉంది. డాటర్ ధమనిలోకి తీగ పంపి పూడికను దాటించాడు. తీగ మీదుగా కొన వైపు సన్నబడే టెఫ్లాన్ గొట్టాన్ని నెట్టాడు. దాని మీదుగా మరింత లావు గొట్టం. అంతే. కొద్ది నిమిషాల్లో పాదం వెచ్చబడింది. వారంలో నొప్పి పోయింది. ధమని తిరిగి మూసుకోలేదు, ఆమె బతికినంత కాలం సొంత కాళ్ళ మీదే నడిచింది. సహచరుడు మెల్విన్ జడ్కిన్స్‌తో కలిసి ఆ ఏడాది నవంబరులో డాటర్ ప్రచురించిన వ్యాసంలో 9 మంది రోగుల 11 కాళ్ళ వివరాలున్నాయి.

పరికరాలు కొనడానికి దొరికేవి కావు, కాబట్టి డాటర్ తానే చేసుకునేవాడు. గిటార్ తీగలు, కారు స్పీడోమీటర్ కేబుల్ కూడా ఆయన ప్రయోగాల్లోకి వచ్చాయి. 1963లో షికాగోలో జరిగిన రేడియాలజిస్టుల సమావేశంలో బిల్ కుక్ అనే యువకుడు ఒక మంటగొట్టం పెట్టుకుని టెఫ్లాన్ గొట్టాల కొనలు సన్నగా సాగదీసి చూపిస్తున్నాడు. అతను ఇండియానాలోని బ్లూమింగ్టన్‌లో తన ఇంటి పడకగదిలో పని మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. డాటర్ ఆ మంటగొట్టం అరువు తీసుకుని హోటల్ గదికి వెళ్ళి, రాత్రంతా కూర్చుని గొట్టాలు చేసి, పొద్దున తెచ్చి అతని చేతిలో పెట్టాడు. కుక్ వాటిని అమ్ముకున్నాడు. తర్వాతి రోజుల్లో కుక్ సంస్థ ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటైంది.

సొంత దేశంలో డాటర్‌కు దక్కింది ఎక్కువగా అనుమానమే. ఫొటో తీయండి చాలు, బాగుచేయడానికి ప్రయత్నించకండి అని శస్త్రవైద్యులు చీటీ మీద రాసి రోగిని పంపిన సందర్భాలున్నాయి. అయితే అభ్యంతరాల్లో ఒకటి న్యాయమైనదే. ధమనిని ఎంత వెడల్పు చేయాలో అంత లావు గొట్టం గజ్జల్లోంచి దూరాలి. అంటే అక్కడ అంత పెద్ద రంధ్రం పడాలి. తొడ ధమనికి ఇది ఎలాగో కుదిరినా, ఇంకా వెడల్పైన కటి ధమనికి కుదరదు. పైగా గొట్టాన్ని నెట్టడంలో పూడిక చిన్న ముక్కలై కిందికి జారి సన్న నాళాలను మూసే ప్రమాదం ఉంది. కావలసింది సన్నగా లోపలికి వెళ్ళి, వెళ్ళాక మాత్రమే లావయ్యేది.

డాటర్ పద్ధతిని చేతుల్లోకి తీసుకుని పెంచింది యూరప్. జర్మనీలోని ఎంగెల్స్‌కిర్చెన్‌లో ఎబర్‌హార్ట్ జైట్లర్ దాన్ని వందలాది రోగులకు చేశాడు. అతని దగ్గర నేర్చుకున్న ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ డ్రెస్డెన్‌లో పుట్టి, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పనిచేస్తున్న వైద్యుడు. ఇందాకటి చిక్కుముడి విప్పింది అతనే. విప్పిన చోటు తన ఇంటి వంటగది.

మెత్తని రబ్బరు బెలూన్‌ను గట్టి పూడిక మధ్యలో ఉబ్బిస్తే ఏమవుతుంది? ఎక్కడ ఎదురు ఒత్తిడి లేదో అక్కడికి ఉబ్బిపోతుంది. పూడికకు అటూ ఇటూ బెలూన్ పెరుగుతుంది, మధ్యలో నొక్కుకుపోయి ఉంటుంది. అటూ ఇటూ ఉన్నది ఆరోగ్యమైన ధమని గోడ, అది చిట్లిపోవచ్చు. ఈ లోపం తెలిసే తూర్పు బెర్లిన్‌లో వెర్నర్ పోర్ట్‌స్ట్‌మన్ 1973లో బెలూన్ చుట్టూ చీలికలున్న గట్టి తొడుగు వేసి చూశాడు, ఆ చీలికలు ధమని గోడను పట్టేసే ప్రమాదం ఉండేది. గ్రూంట్‌జిగ్ రబ్బరు చుట్టూ పట్టు అల్లిక వేసి చూశాడు, అది మందమైపోయింది. జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన రసాయన శాస్త్ర ఆచార్యుడు హైన్‌రిష్ హాప్ఫ్ అతనికి పీవీసీని సూచించాడు.

రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద పని మొదలయ్యేది. భార్య మికాయెలా, సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త వాల్టర్ చేయందించేవారు. సన్నని పీవీసీ గొట్టం ముక్కను వేడిచేసి, లోపలికి ఒత్తిడితో గాలి పంపితే అది సమానమైన వెడల్పుతో ఉబ్బుతుంది. చల్లారాక ఆ కొలత దానికి స్థిరపడిపోతుంది. తర్వాత దాన్ని ముడిచి క్యాథెటర్ చుట్టూ సన్నగా చుట్టవచ్చు, మళ్ళీ నింపితే ముందు పెట్టిన కొలత దాకా వస్తుంది. ఆపైన ఒత్తిడి ఎంత పెంచినా వెడల్పు పెరగదు. పెంచిన ఒత్తిడంతా పూడిక మీదే పడుతుంది. 5 మిల్లీమీటర్ల ధమనికి 5 మిల్లీమీటర్ల బెలూన్ ఎంచుకుంటే చాలు, ఆరోగ్యమైన గోడకు హాని ఉండదు. ఫోగార్టీ బెలూన్ ధమనికి తగ్గట్టు తాను మారితే, ఇది తన కొలతకు తగ్గట్టు ధమనిని మార్చింది. వైద్యంలో బెలూన్ల చరిత్ర అంతా ఈ ఒక్క తేడా మీద నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

1974 ఫిబ్రవరి 12న గ్రూంట్‌జిగ్ దాన్ని మొదటిసారి రోగి మీద వాడాడు. 67 ఏళ్ళ మనిషి, నడిస్తే పిక్కనొప్పి, తొడ ధమనిలో పూడిక. ధమని తెరుచుకుంది. మరుసటి ఏడాదికి క్యాథెటర్ లోపల రెండు దారులు ఏర్పడ్డాయి, ఒకటి తీగకూ రంగుమందుకూ, రెండోది బెలూన్ నింపడానికి. ఆ తర్వాత దాన్ని ఇంకా చిన్నది చేసి కుక్కల గుండె ధమనుల్లో పరీక్షించాడు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో 38 ఏళ్ళ వ్యక్తి గుండె ధమనిని అదే బెలూన్‌తో తెరిచాడు. పదేళ్ళ తర్వాత చూసినా ఆ ధమని తెరిచే ఉంది. ఆ రోజు నుంచి బెలూన్ పేరు గుండెతో ముడిపడిపోయింది, కాలి సంగతి పత్రికల్లో వెనకబడిపోయింది.

గ్రూంట్‌జిగ్ 1980లో అమెరికాలోని అట్లాంటాకు వెళ్ళాడు. 1985 అక్టోబరులో తానే నడుపుతున్న చిన్న విమానం కూలి 46 ఏళ్ళకే చనిపోయాడు. డాటర్, జడ్కిన్స్ ఇద్దరూ అదే ఏడాది మొదట్లో కన్నుమూశారు.

పూడికను బెలూన్ గోడలోకి అదిమేస్తుందని మొదట్లో అనుకున్నారు. తర్వాత కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే తెలిసిందేమిటంటే, పూడిక పగులుతుంది, లోపలి పొర చిరుగుతుంది, బయటి పొర సాగుతుంది. అంటే బెలూన్ చేసేది అదుపులో ఉంచిన గాయం. ఆ గాయం మానే క్రమంలో కొందరిలో మచ్చ కణజాలం పెరిగి ధమని నెలల్లోనే మళ్ళీ మూసుకుంటుంది. ఇంకొందరిలో సాగిన గోడ వెంటనే వెనక్కి వస్తుంది. లోపల ఏదైనా ఆసరా ఉంచాలన్న ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది, అదీ డాటర్‌దే. 1969లోనే ఆయన కుక్కల మోకాలి వెనక ధమనుల్లో లోహపు తీగ చుట్టలు పెట్టి ప్రచురించాడు. 1983లో నికెల్, టైటానియం మిశ్రమమైన నిటినాల్‌తో మళ్ళీ ప్రయత్నించాడు. చల్లగా ఉన్నప్పుడు తిన్నగా సాగదీస్తే, శరీరం వేడి తగలగానే పాత ఆకారానికి వచ్చే లోహం అది. మనిషిలో స్టెంట్లు స్థిరపడింది ఆ తర్వాతే. హైదరాబాద్‌కు ఈ చరిత్రలో సొంత పేజీ ఉంది. 1990లలో అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంట్‌ను రూపొందించారు, దానికి కలాం-రాజు స్టెంట్ అన్న పేరే నిలిచింది.

గుండెలో అంత బాగా పనిచేసిన ఉక్కు స్టెంట్ కాలికి వచ్చేసరికి తడబడింది. తొడ ధమని బయటి నుంచి నొక్కుడుకు గురవుతుంది. మోకాలు మడిచినప్పుడల్లా పొట్టిదవుతుంది, మెలి తిరుగుతుంది, వంగుతుంది. ఉక్కు తొడుగు ఒకసారి నొక్కుకుపోతే అలాగే ఉండిపోతుంది. నిటినాల్ తిరిగి లేస్తుంది కాబట్టి తొడకు అదే స్థిరపడింది. అయినా కాలి కదలిక దాన్నీ వదల్లేదు. జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యులు 2005లో ప్రచురించిన పరిశీలనలో స్టెంట్ వేసిన 121 కాళ్ళకు ఎక్స్‌రే తీస్తే 37 శాతం కాళ్ళలో స్టెంట్ ఎక్కడో ఒకచోట విరిగి కనిపించింది. నేల మీద కూర్చుని లేచే అలవాటున్న మన మోకాళ్ళు ఎంతగా వంగుతాయో తలచుకుంటే, మోకాలి వెనక గుంటలో స్టెంట్ వేయడానికి వైద్యులు ఎందుకు వెనకాడతారో అర్థమవుతుంది.

లోపల లోహం వదలకుండా మచ్చ పెరగకుండా చేయడానికి బెలూన్ మీద పాక్లిటాక్సెల్ అనే మందు పూత పూశారు. క్యాన్సర్‌కు వాడే మందే అది, కణాలు పెరగకుండా ఆపుతుంది. 2018 డిసెంబరులో వెలువడిన ఒక విశ్లేషణ, ఆ పూత వాడిన రోగుల్లో కొన్నేళ్ళ తర్వాత మరణాలు ఎక్కువగా ఉన్నట్టు చెప్పి కలకలం రేపింది. వాడకం పడిపోయింది. మరింత సమాచారం పోగుచేసి చూశాక, 2023 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి ముప్పుకు ఆధారం లేదని తేల్చింది.

మధుమేహం ఉన్నవారి కాలు ఈ పరికరానికి ఇప్పటికీ అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. వారిలో పూడిక మోకాలి కిందనున్న ఆ మూడు సన్న నాళాల్లో, చాలా పొడవున ఉంటుంది. గోడల మధ్య పొరలో సున్నం పేరుకుని ధమని గట్టి గొట్టంలా మారుతుంది. చీలమండ దగ్గర రక్తపోటు కొలిచి చేతి రక్తపోటుతో భాగించినప్పుడు 0.9 కన్నా తక్కువ వస్తే కాలి ధమనిలో పూడిక ఉన్నట్టు లెక్క. ఈ సున్నం పట్టిన ధమని రక్తపోటు కొలిచే పట్టీ ఒత్తిడికి లొంగదు, కాబట్టి అంకె బాగున్నట్టే వస్తుంది. నరాలు మొద్దుబారినందువల్ల పిక్కనొప్పి కూడా తెలియదు. మొదటి హెచ్చరిక చాలాసార్లు వేలి మీద మానని పుండే. మన రాష్ట్రాల్లో మధుమేహం ఇంత విస్తరించాక, వైద్యుడు చెప్పులు విప్పించి పాదం పైనా లోపలి చీలమండ వెనకా నాడి పట్టి చూడటం ప్రతి పరీక్షలోనూ జరగాలి. రెండు వేళ్ళతో, అర నిమిషంలో అయ్యే పని. అది జరగకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఆ సన్న నాళాల కోసం 2, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల దాకా నిడివి ఉన్న బెలూన్లు వచ్చాయి. పుండు మడమ మీద ఉంటే అరికాలికి దిగే ధమనినీ, పాదం పైన ఉంటే ముందు ధమనినీ తెరవడానికి ప్రయత్నిస్తారు. అవసరమైతే పాదం వైపు నుంచే తీగ పంపి పైకి వస్తారు. 2024 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థ మోకాలి కింది ధమనులకు, మందు విడుదల చేసి క్రమంగా కరిగిపోయే తొడుగును అనుమతించింది.

ఇన్ని వచ్చినా బెలూన్‌కు పోటీగా నిలిచింది కాలిలోనే ఉన్న మరో రక్తనాళం. లోపలి చీలమండ ముందు నుంచి చర్మం కిందుగా గజ్జల దాకా వెళ్ళే పెద్ద సఫీనస్ సిర మన శరీరంలోని సిరలన్నిటిలో పొడవైనది. నిలబడి ఉన్నప్పుడు పాదం సిరల్లో రక్తపు ఒత్తిడి దాదాపు 90 పాదరస మిల్లీమీటర్లుంటుంది. నడుస్తుంటే పిక్క కండరాలు లోతు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి, ఒత్తిడి మూడో వంతుకు పడిపోతుంది. తోసిన రక్తం తిరిగి జారకుండా సిరల్లో కవాటాలున్నాయి. ఆ కవాటాలు పాడైతే పైకి కనిపించే సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. కాలికి లోతు సిరలు ఉన్నందువల్ల ఈ పైసిరను తీసేసినా రక్తం వెనక్కి వెళ్ళే దారికి లోటు రాదు. పారిస్‌లో ఝాన్ కున్‌లాన్ 1948లో ఈ సిరను తలకిందులు చేసి, పూడిన తొడ ధమనికి పక్కదారిగా కుట్టాడు. తలకిందులు చేయకపోతే కవాటాలు కిందికి పోయే రక్తాన్ని అడ్డుకుంటాయి.

రక్తం అందక కాలు పోయే స్థితికి చేరినవారికి బెలూనా, సిరతో పక్కదారా అన్న ప్రశ్న మీద ఈ మధ్య రెండు పెద్ద పరిశోధనలు వెలువడ్డాయి. 2022 నవంబరులో వచ్చిన బెస్ట్-సీఎల్ఐలో 1,830 మంది రోగులున్నారు. మంచి సఫీనస్ సిర ఉన్నవారిలో మరణం లేదా కాలికి పెద్ద నష్టం జరిగినవారు శస్త్రచికిత్స వైపు 42.6 శాతం, బెలూన్ వైపు 57.4 శాతం. మరుసటి ఏడాది బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్ ఆసుపత్రుల్లో 345 మంది మీద జరిగిన బేసిల్-2 ఫలితం దీనికి ఎదురు. మోకాలి కింది ధమనుల్లో పూడిక ఉన్నవారిలో కాలు పోవడం లేదా మరణం సిరతో చేసినవారిలో 63 శాతం, బెలూన్ వేసినవారిలో 53 శాతం. రోగుల ఎంపికలోనూ, పూడిక ఉన్న చోటులోనూ, రోగుల వయసులోనూ తేడాలున్నాయి కాబట్టి ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టిపారేయలేం. మంచి చికిత్సా కేంద్రాల్లో ఇప్పుడు ఆ నిర్ణయానికి ముందు రోగిని పడుకోబెట్టి, కాలి లోపలి పక్కన చీలమండ నుంచి గజ్జల దాకా అల్ట్రాసౌండ్ పెట్టి సఫీనస్ సిర వెడల్పు కొలుస్తారు. 3 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉండి, మధ్యలో ఎక్కడా పాడవకుండా ఉంటే కత్తికి అవకాశం ఉంది. లేకపోతే గజ్జల దగ్గర సూదికి చోటు వెతుకుతారు.